కడిగిన జల్లెడ

నా కారు ఇంజన్ పగిలింది పెనుకొండ దగ్గర, ఇళ్ళు లేని ఒక వెంచర్‌లో. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల వేరుశనగ చేలన్నీ ప్లాట్లయ్యాయి. నంబర్లు రాసిన రాళ్ళు పాతారు, లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు తారు రోడ్లు వేశారు, ముందర ఆర్చి కట్టి రంగులు పూశారు. మనుషులు మాత్రం రాలేదు. పొద్దున పూట గొర్రెలు తప్ప ఇంకేమీ తిరగని ఆ రోడ్డు మీద, వాచ్‌మన్‌కి చెప్పి, మేము కారు పరీక్షించుకునేవాళ్ళం. మేమంటే ఇద్దరం: నేను, హిందూపురంలో కార్ల రిపేరు షెడ్డు నడిపే మేస్త్రీ.

ఆ రోజు మూడో గేరులో ఉన్నాం. కారు అంతకు ముందెన్నడూ అంత బాగా లాగలేదు. మేస్త్రీ పక్క సీట్లో కూర్చుని, చెవి డాష్‌బోర్డుకు ఆనించి, ఇంజన్ చప్పుడు వింటున్నాడు. ఆయిలు గుర్తున్న ఎర్రలైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది. ఎండ తగిలి మెరిసిందనుకున్నాను. మరుక్షణం ఎవరో కిందినుంచి గడ్డపారతో పొడిచినట్టు దడేలుమంది. స్టీరింగు చేతుల్లో అదిరింది. వెనక అద్దంలో నల్లటి పొగ, రోడ్డు పొడవునా నూనె చార కనిపించాయి.

బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ పక్కన పిడికిలి పట్టేంత బొక్క. మూడేళ్ళ పని ఆ బొక్కలోంచి కారిపోతోంది. మేస్త్రీ కింద గొంతుక్కూర్చుని ఆ నూనెలో వేలు ముంచి రుద్ది చూశాడు. తర్వాత నా మొహం చూడకుండానే అన్నాడు.

"ఆయిలు పైకి ఎక్కలేదబ్బా. పంపు ఎక్కించింది నేనే. నా చేతి తప్పే ఇది."

నేను ఏమీ అనలేదు. అప్పుడు నిజంగానే నాకు తెలియదు. తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఏమీ అనలేదు. ఇదంతా రాస్తున్నది అందుకే.

మాది ధర్మవరం. పని పెనుకొండ దగ్గర, కార్లకు సీట్లు కుట్టే కంపెనీలో. రోజంతా ఒకటే కుట్టు, ఒకటే వంపు. నేను కుట్టిన సీటు ఏ కారులోకి పోతుందో, దాని మీద ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. అలా కొన్నేళ్ళు కుట్టాక, ప్రతి బోల్టూ నాకు తెలిసిన కారు ఒకటుండాలని పట్టుదల పుట్టింది. కదిరిలో ఒక రిటైరైన పంతులు దగ్గర ఇరవై ఏళ్ళనాటి చిన్న కారు కొన్నాను. దానికి టర్బో పెట్టించి, ఇంజన్ కొత్తగా కట్టించి, బెంగుళూరు అవతల ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద చలికాలంలో జరిగే పరుగు పోటీకి తీసుకుపోవాలి. ఇదీ నా పిచ్చి. ఇల్లు, కంపెనీ, షెడ్డు మూడూ ఒకే రైలు దారిలో ఉండడంతో ఆ పిచ్చి సులభంగా ముదిరింది. వారపు సెలవు వస్తే చాలు, హిందూపురం ప్యాసింజర్‌లో ఉండేవాణ్ణి.

మేస్త్రీది రొళ్ల దగ్గర పల్లె. బెంగుళూరులో చాలా ఏళ్ళు రేసు ఇంజన్లు కట్టి, తల్లికి బాగలేక వెనక్కొచ్చి హిందూపురంలో షెడ్డు వేసుకున్నాడు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. ఆయన షెడ్డులో విలువైన వస్తువు ఒకటే: సిలిండర్లను లోపలినుంచి వెంట్రుకవాసి లెక్కన కోసే బోరింగ్ మిషన్. దాన్ని రోజూ తనే తుడిచేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పెట్టిన నియమం కూడా ఒకటే. తెరిచిన ఇంజన్‌ను వదిలి పోతే దాని మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి, తాడుతో కట్టి పోవాలి. పుండు మీద ఈగ వాలనిస్తామా అనేవాడు.

మా నాయనకు ఆ కారంటే గిట్టేది కాదు. నలభై ఏళ్ళుగా గుంత మగ్గంలో కూర్చుని పట్టు నేసిన మనిషి. యాడికీ పోని బండికి అంత సప్పుడెందుకని అడిగేవాడు. కొడుకు మగ్గం దిగి సీట్లు కుట్టడానికి పోవడమే ఆయనకు మింగుడుపడలేదు, దాని మీద ఇదొకటి.

ఆయనకొక అలవాటు ఉంది. నేతలో ఎక్కడైనా పోగు తప్పితే, ఆ చోట చీర అంచుకు చిన్న ఎర్రదారం ముడి వేస్తాడు. షావుకారు మడత విప్పగానే తప్పు ఎక్కడుందో కనబడాలని. ముడి కనబడితే కూలి తగ్గిస్తారు. పక్క మగ్గాలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, చూసీ చూడనట్టు పోయేదాన్ని నువ్వే చూపిస్తివి గదప్పా అని. నాయన నవ్వి ఊరుకునేవాడు. చిన్నప్పుడు ఆ ముడులు చూస్తే నాకు చిరాకు, ఇంట్లో పండగ బట్టలు వాటివల్లే తగ్గుతాయని.

పోటీకి కొన్ని వారాలుందనగా ఆయుధపూజ వచ్చింది. ముందురోజు సాయంత్రం మేస్త్రీ పనిముట్లన్నీ కిరోసిన్‌తో కడిగి, ఇంజన్ ముందర పలక మీద వరసగా పేర్చాడు. స్పానర్లు, సుత్తులు, చిమటాలు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. ఒకసారి పూజలో పెట్టాక, పండగ మరుసటి రోజు మళ్ళీ కొబ్బరికాయ కొట్టేదాకా దేన్నీ ముట్టకూడదు. తీరా అన్నీ పేర్చాక ఇంజన్ పైమూతకు వెయ్యాల్సిన రబ్బరు ప్యాకింగు బెంగుళూరు బస్సులో వచ్చింది. మూత బిగించడానికి పది నిమిషాలు చాలు. కానీ దానికి కావాల్సిన స్పానరు బొట్టు పెట్టుకుని పూజలో కూర్చుంది. మేస్త్రీ ఇంజన్ మీద గుడ్డ కప్పి కట్టాడు. పండక్కి రొళ్ల పోతూ తాళంచెవి నాకిచ్చి, రేపు కాక ఎల్లుండి వచ్చి బిగిస్తాను, గుడ్డ మాత్రం తియ్యద్దని చెప్పాడు.

పండగ రోజు ధర్మవరంలో మగ్గాలకు కూడా సెలవే. మగ్గానికి పూజ అయ్యాక నాయన తనంతట తానే అడిగాడు, నీ బండికి పూజ చేసేవాళ్ళు లేరా అని. నేను నమ్మలేకపోయాను. అమ్మ అక్షింతలు కలిపి, చామంతులు పెట్టి స్టీలు క్యారియర్‌లో సర్ది ఇచ్చింది. ఇద్దరం రైలెక్కాం. దారంతా ఆయన ఆ క్యారియర్‌ను ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

షెడ్డులో నాయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి టైర్లు చూశాడు, తలుపు మీద చెయ్యి రాశాడు. దీంట్లో మగ్గం యాడుండాది అని అడిగాడు. గుడ్డ కప్పిన ఇంజన్ చూపించాను.

"ముసుగేసుకున్నోళ్ళకు దీవెనేం తగుల్తాది?" అన్నాడు.

తాడు విప్పాను. గుడ్డ తీశాను. నేనే తీశాను, ఆయన కాదు. లోపల ఇనుము అద్దంలా మెరుస్తోంది. నాయన కళ్ళజోడు సర్దుకుని వంగి చాలాసేపు చూసి, పని శుభ్రంగా ఉండాదిరా అన్నాడు. నా పనిని గానీ, నాకు నచ్చిన పనిని గానీ ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. అంతలో ఆయన కళ్ళు మూసుకుని, గుప్పెడు అక్షింతలు, చామంతి రేకులు తీసి ఇంజన్ మీద చల్లాడు.

వద్దు అని అరవాల్సింది. చెయ్యి అడ్డం పెట్టినా సరిపోయేది. కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తున్న ఆ మనిషిని ఆపడం నా వల్ల కాలేదు.

ఆయన బయట అరుగు మీద కూర్చున్నాక నేను గింజలు, రేకులు ఏరాను. చిమటా కూడా పూజలోనే ఉంది కాబట్టి వేలు తడి చేసుకుని ఒక్కొక్కటీ అంటించి తీశాను. నూనె కిందికి దిగే బొక్కలు నాలుగైదు ఉంటాయి, వాటిలోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. చీకటి తప్ప ఏమీ కనబడలేదు. ఏమీ పడలేదనుకున్నాను. పడలేదని అనుకోవాలనుకున్నాను, అది నిజం. మళ్ళీ గుడ్డ కప్పి కట్టాను.

మేస్త్రీ తిరిగి వచ్చినప్పుడు, నాయన వచ్చి పూజ చేశాడని గొప్పగా చెప్పాను. అక్షింతల మాట చెప్పలేదు. చెబితే ఇంజన్ మొత్తం దించి మళ్ళీ విప్పేస్తాడు, పోటీ తప్పిపోతుంది. గుడ్డ ఎందుకు తీశావని అడుగుతాడు. ఆయన మూత బిగిస్తుంటే పక్కన నిలబడి ఒక్కో బోల్టూ అందించాను.

ఆ తర్వాత రెండు వారాలకు వెంచర్‌లో ఇంజన్ పగిలింది. ట్రాక్టరుకు కట్టి హిందూపురం లాక్కొచ్చాం. మేస్త్రీ దాన్ని వారం రోజులు ముట్టుకోలేదు. పీనుగను కోసినట్టుంటాది, నాకు మనసు రాదన్నాడు. నా సెలవు రోజు పొద్దున్నే వెళ్ళి, ఆయన రాకముందే, ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపు నేనే విప్పాను.

సంపులో ఇనుప ముక్కలు, రజను, మాడిన నూనె. నూనెను పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది, అరచెయ్యంత. దాని మీద నల్లటి మడ్డి అట్టకట్టింది. డీజిల్‌లో ముంచి వేలితో రుద్దాను. మడ్డి కరిగిన కొద్దీ లోపలినుంచి పసుపుపచ్చ బయటపడింది. చామంతి రేకులు ఒకదాని మీద ఒకటి అంటుకుని, వాటి సందుల్లో అక్షింతలు. అమ్మ కలిపిన పసుపు ఇంకా పోలేదు.

అప్పటికైనా అలాగే ఉంచాల్సింది. ఉంచలేదు. గింజలు, రేకులు ఒక కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. జల్లెడను శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, సంపు పక్కన పెట్టాను. నాయన కోసమే ఇదంతా అని నాకు నేను చెప్పుకున్నాను. తన దీవెన కొడుకు కారును చంపిందని తెలిస్తే ఆయన ఏమైపోతాడు అని. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ గుడ్డ తీసిన చెయ్యి ఎవరిదో కూడా దాంతోపాటే దాగిపోతుందని నాకు తెలుసు.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని చూశాడు. జల్లెడ దగ్గర ఆగాడు. దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, తిరిగి అక్కడే పెట్టాడు.

"పంపేనా మేస్త్రీ?" అని అడిగాను.

"అట్లనే అనుకో," అన్నాడు.

ఇంటికొచ్చాక నాయన అడిగాడు, ఏమైందిరా నీ బండికి అని. మేస్త్రీ ఎక్కించిన పంపు పని చెయ్యలేదని చెప్పాను. ఒకే ఒక్క వాక్యం. నాయనకు కోపం వచ్చింది. తను పూజ చేసిన బండిని ఇంకొకరు పాడుచేశారంటే ఆయన తట్టుకోలేకపోయాడు. టీ కొట్టు దగ్గర, షావుకారు అంగట్లో, నలుగురు కూర్చున్న చోటల్లా చెప్పాడు. మా బంధువులబ్బాయి ఒకడు తన కారు మేస్త్రీకి ఇవ్వాలనుకుని మానేశాడు. కంపెనీలో నాతోపాటు కుట్టేవాళ్ళు ఇద్దరు, నన్ను చూసే మోజుపడినవాళ్ళు, అడిగితే వాళ్ళకూ అదే మాట చెప్పాను. వాళ్ళు తమ కార్లు బెంగుళూరులో ఇచ్చారు. ఒకసారి చెప్పిన అబద్ధాన్ని రెండోసారి చెప్పడం ఇంత సులభమని నాకు ముందు తెలియదు.

దెబ్బ తగిలిన మనిషి ఎలా తట్టుకుంటాడో నాకు తెలిసింది ఇంతే: దెబ్బను ఇంకొకరి మీదికి నెట్టి, ఆ పైన హాయిగా జాలిపడతాడు. కంపెనీలో అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ జాలి నేను తీసుకున్నాను. రెండు నెలలు షెడ్డు వైపు పోలేదు. పొట్లం కంపెనీ లాకరులో టిఫిన్ డబ్బా వెనక పెట్టాను. రోజూ డబ్బా తీసేటప్పుడు చేతికి తగిలేది.

మేస్త్రీయే ఫోన్ చేశాడు, పాత ఇంజన్ ఒకటి దొరికింది రమ్మని. వెళ్ళాను. షెడ్డు మారిపోయింది. ఇదివరకు రేసు మోజున్నవాళ్ళ కార్లుండే చోట ఆటో ఇంజన్లు, బోరు మోటార్లు పడున్నాయి. బోరింగ్ మిషన్ మీద దుమ్ము. ఆయన నన్ను ఏమీ అడగలేదు. మళ్ళీ నా కారుకు ఇంజన్ కట్టడం మొదలుపెట్టాడు, నిదానంగా, వారానికి కొంత. అప్పుడప్పుడు పని ఆపి నావైపు చూసేవాడు, నేనేదో చెప్పబోతున్నట్టు. నేను వాతావరణం గురించో రైలు ఆలస్యం గురించో మాట్లాడేవాణ్ణి.

అలా మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. ఈసారి మేస్త్రీ పల్లెకు పోలేదు. ఈ రెండో ఇంజన్ పైమూత ముందురోజే బిగించి ఉండొచ్చు, ప్యాకింగు అంతకు చాలా ముందే వచ్చింది. బిగించలేదు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఇంట్లో నాయన తనూ వస్తానన్నాడు. పూజ సరే, ఈసారైనా సరిగ్గా చేయమని ఆ మేస్త్రీకి నాలుగు మాటలు చెప్పాలన్నాడు. వద్దని ఎన్నో సాకులు చెప్పాను. వినలేదు.

షెడ్డులో మేస్త్రీ నాయనను చూసి నమస్కారం పెట్టి స్టూలు వేశాడు. నాయన ముభావంగా తలాడించాడు. అన్నిటికీ బొట్లు పెట్టడం అయ్యాక, నాయన ఇంజన్ మీది గుడ్డ తనే పక్కకు జరిపి, పళ్ళెంలోంచి గుప్పెడు పూలూ అక్షింతలూ తీశాడు. కళ్ళు మూసుకోబోయేంతలో మేస్త్రీ భుజం మీది టవల్ తీసి ఇంజన్ మీద పరిచాడు.

"దీని మీద ఎయ్యన్నా. లోపల పడకూడదు."

"పోయినేడు లోపలే ఏసినా గదా," అన్నాడు నాయన. "పడితే ఏమైతాది?"

మేస్త్రీ నావైపు చూశాడు. నాయన కూడా నావైపు తిరిగాడు. ఆయన గుప్పిట ఇంకా గాలిలోనే ఉంది. అప్పుడు చెప్పాను. నేల చూస్తూ, మొత్తం, గుడ్డ తీసిన దగ్గరనుంచి లాకరులో పొట్లం దాకా.

నాయన గుప్పిట్లోని పూలు, గింజలు తిరిగి పళ్ళెంలో పోశాడు. కింద పడినవాటిని వంగి ఒక్కొక్కటీ ఏరాడు. మేస్త్రీని అడిగాడు, నీకు తెలుసునా అని.

"ఇంజనంతా ఇనుప రజను. జల్లెడ ఒక్కటే కడిగినట్టుండె. అప్పుడే తెలిసె," అన్నాడు మేస్త్రీ. "సంపులో మడ్డి తీస్తే ఇంకా రెండు గింజలు దొరికె."

"మరి అందరికీ చెప్పేటిదుండె గదప్పా."

"చెప్పాల్సినోడు నేను కాదు గదన్నా. చెప్తాడేమో అని ఏడాదిగా చూస్తాండా."

నాయన లేచి మేస్త్రీకి రెండు చేతులూ జోడించాడు. మేస్త్రీ కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించాడు. సాయంత్రం రైలెక్కాం. పెనుకొండ దాటాక నాయన కిటికీలోంచి బయటికి చూస్తూనే నాతో అన్నాడు.

"నలభై ఏండ్లు నా తప్పుకు నేనే దారం కట్టి చూపిస్తి. నీ తప్పు దారం తీసకపోయి ఇంకొకరి చీరకు కడితివి. నా చేత కూడా కట్టిస్తివి గదరా."

మరుసటి రోజునుంచి నాయన తను నోరు జారిన చోటల్లా తిరిగి వెళ్ళాడు. టీ కొట్టు, షావుకారు అంగడి, ఒకటీ వదల్లేదు. నేను నా చోట్లకు వెళ్ళాను. కంపెనీలో ఆ ఇద్దరూ పెద్దగా పట్టించుకోలేదు, వాళ్ళ కార్లు బెంగుళూరులో ఎప్పుడో తయారైపోయాయి. బంధువులబ్బాయి, ఇప్పుడు చెప్తే ఏం లాభమని నవ్వాడు.

అందరికీ చెప్పడం అయిపోయాక ఒక ఆదివారం హిందూపురం వెళ్ళాను. షెడ్డు ముందర లారీ నిలబడి ఉంది. బోరింగ్ మిషన్‌ను గొలుసులతో ఎత్తి అప్పుడే లారీలో పెట్టారు. తుమకూరులో ఎవరో కొన్నారట. దానికి పని లేక ఏడాదైందని, ఊరికే చోటు తింటోందని మేస్త్రీ చెప్పాడు. నేల మీద మిషన్ ఉన్నచోట నాలుగు బోల్టుల మొదళ్ళు మిగిలాయి.

"అందరికీ చెప్పేసినా మేస్త్రీ," అన్నాను.

"మంచిదబ్బా," అన్నాడు. "ఆ తాడు కొస ఇట్ల పట్టుకో, బిగించాల."

పట్టుకున్నాను. ఆయన అటువైపు నుంచి లాగి ముడి వేసేదాకా గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.